వానాకాలంలో పోర్ట్‌బ్లెయిర్ ఫ్లైట్లు దిగకుండా వెనక్కి ఎందుకొస్తాయి? ఏ నెల, ఏ ఫ్లైటు మేలు?

స్వర్ణముఖి_తీరం, తిరుపతి

అందరికీ నమస్కారం. అమ్మానాన్నలను అండమాన్ తీసుకెళ్లాలనుకుంటున్నాను. ఇద్దరికీ అరవై దాటాయి, విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. సెలవు దొరికేది మూడు సమయాల్లో: ఆగస్టు 15 వారం, దసరా, సంక్రాంతి. ఆగస్టు టికెట్లు బాగా చవగ్గా ఉన్నాయి. కానీ ఆ నెలలో విమానం పోర్ట్‌బ్లెయిర్ దాకా పోయి, దిగకుండానే మళ్లీ చెన్నైకి వచ్చేసే రోజులుంటాయని ఒకరిద్దరు భయపెట్టారు.

నాకు అర్థం కానిది ఇదీ. వాన పడుతుంటే పైన కాసేపు తిరిగి, తగ్గాక దిగొచ్చు కదా? మన రేణిగుంటలో నవంబరు ముసురులో కూడా విమానాలు దిగుతూనే ఉంటాయి. అండమాన్‌లో అంత తేడా ఏముంది? మూడింటిలో ఏ సమయం మంచిది, పొద్దున ఫ్లైటా మధ్యాహ్నందా, రేణిగుంట నుంచా చెన్నై నుంచా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

గాలివాటం

మీరు వాన గురించి అడిగారు. అక్కడ అసలు చూడాల్సింది గాలి ఏ దిక్కు నుంచి వీస్తోందన్నది.

విమానం ఎప్పుడూ గాలికి ఎదురుగా దిగాలని చూస్తుంది. ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం తగ్గి, తక్కువ దూరంలో ఆగుతుంది. రేణిగుంట రన్‌వే 08/26 (రన్‌వే దిక్కును డిగ్రీల్లో చెప్పి చివరి సున్నా తీసేసిన అంకెలివి: 08 అంటే 80 డిగ్రీలు, దాదాపు తూర్పు; 26 అంటే 260, దాదాపు పడమర). గాలి తూర్పు నుంచి వీస్తే 08 వైపు, పడమటి నుంచి వీస్తే 26 వైపు దిగుతారు. గాలి తిరిగితే విమానం అవతలి కొస నుంచి వస్తుంది, అంతే.

పోర్ట్‌బ్లెయిర్‌లో (ఊరి పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా మారింది, టికెట్ మీద కోడ్ ఐఎక్స్‌జెడ్ మాత్రం అదే) ఈ వెసులుబాటు లేదు. రన్‌వే 04/22, పొడవు 3,200 మీటర్లకు పైనే, అంటే పొడవుకు కొరత లేదు. అడ్డమల్లా ఈశాన్యం వైపున్న కొండ. అందుకని జెట్ విమానాలు మామూలుగా నైరుతి నుంచి వచ్చి 04 వైపు దిగుతాయి, ఎగిరేటప్పుడు 22 వైపు, మళ్లీ నైరుతికే పోతాయి. రాకకూ పోకకూ ఒకటే గుమ్మం.

ఇప్పుడు జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి. నైరుతి. అంటే దిగే విమానానికి సరిగ్గా వెనక నుంచి తోస్తుంది. చాలా జెట్ విమానాలకు దిగేటప్పుడు వెనకగాలి హద్దు 10 నాట్లు, అంటే గంటకు 18 కిలోమీటర్లు. వాన చుక్క పడకపోయినా, ఎండ కాస్తున్నా, వెనకగాలి 13 నాట్లుంటే పైలట్ దిగకూడదు. "ఆకాశం తేటగానే ఉంది, అయినా వెనక్కి తెచ్చారు" అని జనం కోపగించుకునేది ఇలాంటప్పుడే.

హద్దు అంత తక్కువ ఎందుకంటారా? లెక్క చూడండి. విమానం గాలిలో 135 నాట్ల వేగంతో వస్తోందనుకుందాం. వెనకగాలి 10 నాట్లయితే నేల మీద వేగం 145. ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క కారణానికే 15 శాతం పెరిగింది. పైగా కిందికి దిగే వేగమూ పెరుగుతుంది: మామూలు మూడు డిగ్రీల వాలులో నిమిషానికి దాదాపు 675 అడుగులు దిగాల్సింది 725 అవుతుంది. వెనక నుంచి తోస్తున్న గాలిలో వేగం తగ్గించడం కష్టం, చక్రాలు ఆనాల్సిన చోటు దాటి ముందుకు ఆనే ప్రమాదం ఎక్కువ. దానికి తడి రన్‌వే తోడైతే నిబంధన ప్రకారమే కావలసిన పొడవును ఇంకో 15 శాతం పెంచి లెక్కేస్తారు. ఒక్కొక్కటిగా చూస్తే అన్నీ చిన్న అంకెలే. అన్నీ ఒకే నిమిషంలో కలుస్తాయి, అదీ సమస్య.

ఎగిరేటప్పుడు ఇదే గాలి మేలు చేస్తుంది. 22 వైపు ఎగిరే విమానానికి నైరుతి గాలి ఎదురుగాలి. అందుకే వానాకాలంలో పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయలుదేరడం కంటే అక్కడికి చేరడమే కష్టం. నవంబరు తర్వాత ఈశాన్య గాలి వచ్చాక కథ తిరగబడుతుంది: దిగడానికి ఎదురుగాలి, ఎగరడానికి వెనకగాలి. అయితే ఆ గాలి మామూలు రోజుల్లో అంత బలంగా ఉండదు. ఎగరడానికి బరువు తగ్గించుకునే దారి ఎటూ ఉంది.

లోడ్‌షీట్

గాలివాటం గారు చెప్పింది సరే. "కాసేపు తిరిగి దిగొచ్చు కదా" అన్న ప్రశ్నకు నేను చెబుతాను. అది ఇంధనం లెక్క.

రేణిగుంటలో దిగడం కుదరకపోతే చెన్నై గాల్లో వంద కిలోమీటర్లే. పావుగంట, ఇరవై నిమిషాల్లో పోవచ్చు. పోర్ట్‌బ్లెయిర్ నుంచి చూడండి: చెన్నై సుమారు 1,370 కిలోమీటర్లు, కోల్‌కతా 1,300, విశాఖపట్నం 1,225. మధ్యలో ఉన్నదంతా సముద్రమే. కార్ నికోబార్, షిబ్‌పూర్ లాంటి చోట్ల ఉన్నవి సైనిక రన్‌వేలు, ప్రయాణికుల జెట్‌ను దించడానికి ముందే ఎంచుకునే చోట్లు కావు. రంగూన్, ఫుకెట్ దూరంలో దగ్గరే, కానీ దేశీయ సర్వీసును పరాయి దేశంలో దింపితే ఇమిగ్రేషనూ అనుమతులూ అన్నీ చిక్కే.

కాబట్టి చెన్నైలో బయలుదేరేటప్పుడే తిరిగి రావడానికి సరిపడా ఇంధనం కూడా పోసుకుని పోవాలి. ఎ320 తరహా విమానం గంటకు రమారమి రెండున్నర టన్నులు కాలుస్తుంది. వెళ్లడానికి రెండు గంటలు, దిగలేకపోతే వెనక్కి ఇంచుమించు రెండు గంటలు, ఆ పైన చివరి అరగంట నిల్వ (దీన్ని ముట్టుకోకూడదు), దారిలో తేడాపాడాలకు కొంత. అంటే పోర్ట్‌బ్లెయిర్ మీదికి చేరేసరికి కూడా ట్యాంకులో ఆరు టన్నుల దాకా ఉండాలి.

ఇంకో పది నిమిషాలు గాల్లో తిరగాలంటే నాలుగు వందల కిలోలు, అరగంటకు పన్నెండు వందలు. "అయితే ఎక్కువ పోసుకోవచ్చుగా" అంటారు. ఇక్కడ బరువు అడ్డొస్తుంది. ఆ విమానానికి దిగేటప్పటి గరిష్ఠ బరువు సుమారు 66 టన్నులు. నిండా మనుషులతో, సామాన్లతో విమానమే 60 టన్నులు తూగితే, పైన తిరుగు ఇంధనం ఆరు టన్నులు. అక్కడికి సరి. అదనంగా ఒక టన్ను పోయాలంటే ఒక టన్ను మనుషులనో సామాన్లనో దించాలి. చెక్‌ఇన్ సామాను కొంత తర్వాతి ఫ్లైటులో రావడమో, చివరి వరసల్లో కొన్ని సీట్లు అమ్మకుండా వదిలేయడమో అందుకే.

అందువల్ల పైలట్ దగ్గర ఒక గీత ఉంటుంది. ఇంధనం ఆ అంకెకు దిగిందంటే, కింద వాన ఐదు నిమిషాల్లో తగ్గేట్టున్నా సరే, ముక్కు చెన్నై వైపు తిప్పాల్సిందే. ఆ గీత దాటాక దిగలేకపోతే పోవడానికి వేరే చోటు లేదు. మామూలుగా ఒకటి రెండుసార్లు దిగడానికి ప్రయత్నించి వెనుదిరుగుతారు. వెనక్కి వచ్చిన విమానం చెన్నైలో మళ్లీ ఇంధనం పోసుకుని అదే రోజు ఇంకోసారి పోవచ్చు, పోకపోవచ్చు: సిబ్బంది డ్యూటీ గంటలు మిగలాలి, అక్కడి వాతావరణం కుదరాలి.

పొద్దుదీ లెక్కే. అండమాన్ మనకు బాగా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. డిసెంబరులో సాయంత్రం ఐదుకే అక్కడ సూర్యాస్తమయం. ఎక్కువ సర్వీసులు పొద్దునే, మధ్యాహ్నానికల్లా వచ్చిపోతాయి. తొలి ఫ్లైటు వెనక్కి వస్తే రెండో ప్రయత్నానికి పగలు మిగిలి ఉంటుంది, మధ్యాహ్నం ఫ్లైటు వెనక్కి వస్తే చాలావరకు మర్నాడే. మీ ప్రశ్నకు అందులోనే జవాబుంది: మొదటి ఫ్లైటు తీసుకోండి.

స్వర్ణముఖి_తీరం, తిరుపతి

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఇంత లెక్క ఉందని తెలియదు. అయితే ఆగస్టు వదిలేస్తాను. దసరా ఎలా ఉంటుంది? ముందురోజు రాత్రే వాతావరణం చూసి ఒక అంచనాకు రావచ్చా? నాన్నకు కుదుపులంటే భయం, అది కూడా చెప్పండి.

మెటార్_చదువరి

రావచ్చు. పోర్ట్‌బ్లెయిర్ విమానాశ్రయం అంతర్జాతీయ కోడ్ వీఓపీబీ. ఆ నాలుగు అక్షరాలకు పక్కన మెటార్ అని చేర్చి వెతికితే అప్పటి వాతావరణం, టాఫ్ అని చేర్చితే రాబోయే గంటల అంచనా వస్తాయి. అందులో టైము అంతా గ్రీనిచ్‌ది, ఐదున్నర గంటలు కలుపుకోవాలి. 0130 అంటే మనకు పొద్దున ఏడు.

గాలి ఐదంకెల్లో ఉంటుంది. మొదటి మూడు దిక్కు, తర్వాతి రెండు వేగం. 24014 అంటే 240 డిగ్రీల నుంచి 14 నాట్లు. రన్‌వే 04 కాబట్టి దిగే విమానానికి సరిగ్గా వెనక దిక్కు 220. తేడా 20 డిగ్రీలు. 14ని 0.94తో గుణిస్తే వెనకగాలి 13 నాట్లు. హద్దు దాటింది. అదే 14 నాట్లు 270 నుంచి వీస్తే తేడా 50 డిగ్రీలు, గుణకం 0.64, వెనకగాలి 9 నాట్లే, హద్దులో ఉంది. ఆ గాలి మిగతా భాగం 11 నాట్లు పక్కగాలి అవుతుంది, పక్కగాలిని జెట్ విమానాలు అంతకు రెట్టింపైనా తట్టుకుంటాయి. చూశారుగా, గాలి బలం మారలేదు, 30 డిగ్రీలు పక్కకు జరిగింది, అంతే. పది నిమిషాల ముందు పోయిన విమానం దిగి, మీది దిగకపోవడానికి ఇదొక్కటి చాలు.

వేగం పక్కన జీ అక్షరంతో ఇంకో అంకె ఉంటే అది ఉన్నట్టుండి విసురుగా వచ్చే గాలి. దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మేఘాల దగ్గర బీకేఎన్ అంటే ఆకాశంలో ఎనిమిది పాళ్లలో ఐదు నుంచి ఏడు పాళ్లు మూసుకుంది, ఓవీసీ అంటే పూర్తిగా. పక్కనున్న అంకెను వందతో గుణిస్తే ఎత్తు అడుగుల్లో: 010 అంటే వెయ్యి అడుగులు. చుట్టూ గుట్టలున్న చోట వెయ్యి అడుగులకే మబ్బు మూసుకుందంటే రోజు బాగాలేదనే అర్థం. వాన వెలిశాక గుట్టలకు అతుక్కుని చిరుగుడ్డల్లాంటి మబ్బు తేలుతుంటుంది. వాన ఆగినా దిగడం ఆలస్యమవడానికి అదో కారణం.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినవి టీఎస్‌ఆర్‌ఏ, సీబీ. మొదటిది ఉరుములతో వాన, రెండోది దాన్ని తెచ్చే నిలువు మేఘం. ఆ మేఘం కింద చల్లగాలి బరువుగా కూలి నేలను తాకి నాలుగు వైపులా చిమ్ముతుంది. దిగే విమానానికి మొదట ఎదురుగాలి తగిలి పైకి లేపినట్టుంటుంది, కొన్ని క్షణాల్లో అదే వెనకగాలిగా మారి, రెక్కల మీద వేగం పడిపోతుంది. నేలకు ఐదారు వందల అడుగుల ఎత్తులో ఇలా జరగడం విమానయానంలో అతి ప్రమాదకరమైన వాటిలో ఒకటి. రన్‌వే కనిపిస్తున్నా సీబీ పక్కనే ఉంటే దిగకుండా ఆగడం అందుకే. ఉరుముల మేఘం ఒక చోట సాధారణంగా అరగంట నుంచి గంట లోపే సాగిపోతుంది, కానీ వానాకాలంలో ఒకదాని వెనక ఒకటి వరసగా వస్తాయి.

టాఫ్‌లో టెంపో అన్న మాట ఉంటే మధ్యమధ్యలో కాసేపు అలా ఉంటుందని. టెంపో పక్కన టీఎస్‌ఆర్‌ఏ చూసి కంగారు పడొద్దు. వానాకాలమంతా దాదాపు రోజూ అలాగే రాస్తారు. టెంపో లేకుండా అసలు అంచనాలోనే నైరుతి గాలి 15 నాట్లు దాటి, మబ్బు కిందికి ఉంటే అప్పుడు ఆలోచించాలి.

నాన్నగారి గురించి: రెక్కల మీద, అంటే విమానం మధ్యలో సీటు తీసుకోండి, కుదుపు అక్కడ తక్కువ, వెనక వరసల్లో ఎక్కువ. బంగాళాఖాతం మీద పెద్ద మేఘాలను రాడార్‌లో చూసి పక్కకు తప్పించే పోతారు. తప్పించలేని కుదుపు దిగే చివరి పది, పదిహేను నిమిషాల్లో ఉంటుంది. బెల్టు లైటు ఆరినా బెల్టు తీయనివ్వకండి, బాత్రూముకు వెళ్లేదేదో గంటన్నర లోపే ముగించమనండి.

పూతలపట్టు_పిల్లోడు, చిత్తూరు

అన్నా, లెక్కలన్నీ పెద్దోళ్లు చెప్పేసినారు. నేను మన పక్క నుంచి పొయ్యే దారి గురించి చెప్తా, ఎందుకంటే ఆడ వాతావరణం బాగున్నా ఈడే ఫ్లైటు పోగొట్టుకునేవాళ్లు ఉండారు.

రేణిగుంట నుంచి హైదరాబాదుకు ఒక టికెట్టు, ఆడ్నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు వేరే టికెట్టు అట్లా విడివిడిగా తీసుకోవద్దు. మొదటిది లేటైతే రెండోదానికి ఎవురూ పూచీ పడరు, డబ్బు పోయినట్టే. ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే తర్వాతి ఫ్లైటులో ఎక్కించే బాధ్యత వాళ్లదే. అట్లా దొరక్కపోతే చెన్నై నుంచి నేరుగా పోయేదే మేలు.

పొద్దున ఫ్లైటంటే తెల్లవారుజామునే మీనంబాకంలో, అంటే చెన్నై ఎయిర్‌పోర్టులో ఉండాల. తిరుపతి నుంచి పుత్తూరు, నగరి, తిరువళ్లూరు మీదుగా కారులో మూడున్నర గంటలు పెట్టుకో, వానైతే నాలుగున్నర. చిత్తూరు పక్కోళ్లకు రాణిపేట, శ్రీపెరంబుదూరు దారి. అమ్మానాన్నతో అర్ధరాత్రి ప్రయాణం ఎందుకన్నా, ముందురోజు పగలే రైల్లో సెంట్రల్‌కు పోయి, ఆడ్నుంచి మెట్రోలో నేరుగా ఎయిర్‌పోర్టుకు పోవచ్చు. పల్లావరం, తిరుసూలం పక్క ఒక రాత్రి రూము తీసుకుంటే నిద్ర దక్కుతాది. ఫ్లైటు వెనక్కి తిరిగొచ్చినా పడుకునేదానికి ఒక చోటు తెలిసుంటాది.

సంక్రాంతికి పొయ్యేటట్టయితే భోగి రోజు పొద్దున ఫ్లైటు మాత్రం వద్దు. చెన్నైలో పాత చాపలూ టైర్లూ కాల్చిన పొగ, ఆ చలికి మంచుతో కలిసి రన్‌వే మీదనే కూర్చుంటాది. 2018 భోగినాడు ఆ పొగకే ఎన్నో ఫ్లైట్లు లేటైనాయి, కొన్నింటిని వేరే ఊర్లకు మళ్లించినారు. ఎండెక్కితే గానీ తేలిపోదు. చెన్నైలో మూడు గంటలు లేటైతే పోర్ట్‌బ్లెయిర్ మధ్యాహ్నంలోకి పడతాది, పైన చెప్పిన చిక్కే మళ్లా. కనుమ రోజో, ఆ మర్నాడో బయలుదేరు.

వాతావరణం వల్ల ఫ్లైటు క్యాన్సిల్ చేస్తే డబ్బు వాపసో, వేరే ఫ్లైటో అడిగే హక్కుంది. దానిపైన నష్టపరిహారం మాత్రం రాదు. హోటలు, బోటు డబ్బులు ఎవురూ ఇయ్యరు, కాబట్టి మొదటి రోజు హోటలు వాపసిచ్చే రకంలో తీసుకో.

లోడ్‌షీట్

పొగ సంగతి బాగా గుర్తుచేశారు. దసరా గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు. అక్టోబరు మొదటి సగంలో నైరుతి గాలి ఇంకా పూర్తిగా పోదు, కానీ ఆగస్టంత బలం ఉండదు. గాలి పరంగా ఫరవాలేదంటాను. వెళ్లొచ్చు.

తుపాను_గమనిక

ఫరవాలేదని అంత తేలిగ్గా చెప్పలేం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, వాటిలో చాలా వాటికి పుట్టిల్లు అండమాన్ సముద్రమే. నైరుతి రుతుపవనాలు కూడా కేరళను జూన్ 1న తాకే ముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌ను తాకుతాయి. అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన. నిజంగా పొడిగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ మధ్య దాకానే.

మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు తుపాను రెండుసార్లు తగులుతుంది. అండమాన్ దగ్గర పుట్టింది పడమరకు కదిలి నాలుగైదు రోజుల్లో మన తీరానికే వస్తుంది. 2016 డిసెంబరు చూడండి. అండమాన్ దగ్గర వాయుగుండంగా ఉన్నప్పుడే హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) పడవలు ఆగిపోయి వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుంటే నౌకాదళం ఓడలు వెళ్లి తెచ్చాయి. అదే వర్దాగా మారి డిసెంబరు 12న చెన్నైని తాకింది, విమానాశ్రయం మూతపడింది. అక్కడ తెరిపి ఇచ్చి తిరుగు ఫ్లైటు ఎక్కుదామనుకునేసరికి దిగాల్సిన చోటు మూసేశారన్నమాట. 2023 డిసెంబరులో మిచౌంగ్‌కు కూడా చెన్నై రన్‌వే నీళ్లలో మునిగి 4వ తేదీన మూసేసి 5న తెరిచారు.

దసరాకే వెళ్లాలనుకుంటే ఇలా చేయండి. బయలుదేరే వారం ముందు నుంచి భారత వాతావరణ శాఖ వాళ్ల తుపాను బులెటిన్ రోజూ చూడండి. అల్పపీడనం అంటే గమనిస్తూ ఉండాలి. వాయుగుండం అంటే గాలి గంటకు 31 నుంచి 50 కిలోమీటర్లు, తీవ్ర వాయుగుండం 51 నుంచి 61, 62 దాటితే తుపాను. వాయుగుండం అన్న మాట వచ్చి, అది అండమాన్‌కు తూర్పునో ఆగ్నేయంలోనో ఉంటే ప్రయాణం వాయిదా వేయండి. అప్పటికే పడమరకు దాటిపోయుంటే పోర్ట్‌బ్లెయిర్ ఒకటి రెండు రోజుల్లో తేరుకుంటుంది, మీరు చూడాల్సింది చెన్నైని. ఆ రోజుల్లో బెంగళూరు మీదుగా టికెట్ దొరికితే మార్చుకోండి.

అక్కడికి చేరాక పడవలు ముందు ఆగుతాయి, విమానాలు తర్వాత. అలల అంచనా హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు రోజూ ఇస్తారు. తిరుగు ఫ్లైటుకు ముందు రోజు మధ్యాహ్నానికల్లా పోర్ట్‌బ్లెయిర్‌కు వచ్చేయండి, హేవ్‌లాక్ నుంచి అదే రోజు పొద్దున పడవెక్కి ఫ్లైటు అందుకుందామని పెట్టుకోవద్దు.

స్వర్ణముఖి_తీరం, తిరుపతి

సంక్రాంతికే ఖాయం చేస్తున్నాను. కనుమ మర్నాడు చెన్నై నుంచి మొదటి ఫ్లైటు, ఒకే పీఎన్ఆర్. తిరుగు ప్రయాణానికి ముందు రెండు రాత్రులు పోర్ట్‌బ్లెయిర్‌లోనే. జనవరిలో ఈశాన్య గాలి అంటే ఎగిరేటప్పుడు వెనకగాలి అన్నారు కదా, తిరుగు ఫ్లైటులో మా సామాను ఆపేసే అవకాశం ఉందా?

లోడ్‌షీట్

తక్కువ. తిరిగి వచ్చేటప్పుడు చెన్నై చుట్టూ తిరుపతి, బెంగళూరు దగ్గరే ఉన్నాయి కాబట్టి అంత ఇంధనం మోయక్కర్లేదు, బరువులో వెసులుబాటు ఉంటుంది. అయినా ఇద్దరి మందులు, ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి, వెళ్లేటప్పుడు మరీ ముఖ్యం. సామాను ఆపేది ఎక్కువగా అటు వెళ్లేటప్పుడే.